జోగమ్మ ఇవ్వలేదు

ఒక మాట నా దగ్గర ఉండిపోయింది. అది నాది కాదు. నాదైతే ఈపాటికి మర్చిపోయేదాన్నే. మనిషి తన మాట ఎన్నిసార్లైనా తప్పగలడు, తనకు తానే సర్ది చెప్పుకోగలడు. ఇది ఇంకొకరు నన్ను నమ్మి, అవతలి మనిషికి చేరవేయమని ఇచ్చిన మాట. నేను చేరవేయలేదు. దాని బదులు నేను కల్పించిన మాట ఒకటి చేరవేశాను. ఏళ్ళు గడిచాయి. ఎవరూ పట్టుకోలేదు. ఎవరూ పట్టుకోకపోవడం ఇంత బరువుగా ఉంటుందని నాకప్పుడు తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. మేం క్యాథలిక్కులం. పాపసంకీర్తనానికి వెళ్ళి ఫాదర్ ముందు మోకరించి, అత్తగారి మీద విసుక్కున్న సంగతి దగ్గర్నుంచి అన్నీ చెప్పుకున్నాను. ఇదొక్కటే చెప్పలేదు. ఎందుకని? ఆయన క్షమించేస్తారు. కొన్ని జపాలు చెప్పుకోమంటారు, లేచి ఇంటికొచ్చి అన్నం వండుకుంటాను. అంత తేలిగ్గా పోవడం నాకు ఇష్టం లేదు. మీకైతే క్షమించే అధికారం లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా నాన్న దమ్మపేట అవతల, అడవి అంచున ఉన్న ఒక మిషన్ దవాఖానాలో కంపౌండరు. జ్వరాల కాలం వస్తే సైకిలుకు మందుల పెట్టె కట్టుకుని కోయగూడేలు తిరిగేవాడు. నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవాడు. ఆయన సూదులు వేస్తుంటే నేను పిల్లలతో ఆడేదాన్ని. అలా బడికి పోకముందే నాకు కోయభాష వచ్చింది. ఇంగ్లీషు తరవాత హాస్టల్లో సిస్టర్ల బెత్తం కింద వచ్చింది. ఈ రెండు భాషలూ కలిసి ఒక నోట్లో ఉండటం మా వైపు అరుదు. ఆ అరుదైన సంగతే నా కొంప ముంచింది. కాదు, ఇంకొకరి కొంప ముంచింది. చూశారా, ఇప్పటికీ నా కొంపే ముందు గుర్తొస్తోంది.

కల్లూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. రాజ్యాంగం, పౌరహక్కులు, సార్వభౌమత్వం. ఈ చివరి పాఠమంటే నాకు ప్రాణం. బోర్డు మీద ఆ మాట పెద్దక్షరాల్లో రాసి, దేశానికి పైన ఇంకో దొర లేకపోవడమే స్వాతంత్ర్యం అని చెప్పేదాన్ని. చెప్పేటప్పుడు నిజంగా ఒళ్ళు పులకరించేది. నటన కాదు. అప్పటికి నాకు ముప్పయ్యేళ్ళు కూడా లేవు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో మా వైపు అడవి పెంచే ప్రాజెక్టు ఒకటి వచ్చింది. డబ్బు ఒక అంతర్జాతీయ సంస్థది. దేశాలన్నీ సభ్యులుగా ఉండే పెద్ద సంస్థ. అప్పు ఇస్తుంది, అప్పుతోపాటు షరతులు ఇస్తుంది. పని చేసేది మనవాళ్ళు. ఊరూరా కమిటీలు పెట్టారు, జామాయిల్ మొక్కలు పంచారు. మొక్కలకు నేల కావాలి కదా. కోయవాళ్ళు అడవి కొట్టి సాగు చేసుకునే పోడు చెలకల చుట్టూ కందకాలు తవ్వి, లోపలి నేలంతా కమిటీకి ఇచ్చినట్టే లెక్క అన్నారు. ఆ సంస్థకు ఒక నియమం ఉంది. ఆదివాసుల నేలను వాళ్ళు ఒప్పుకోకుండా తీసుకోకూడదు. ఒక ఊరు ఒప్పుకోలేదని ఎవరో సంఘం వాళ్ళు ఫిర్యాదు పంపారు. విని పోవడానికి ఆ సంస్థ నుంచి ఒక మనిషి వస్తాడన్నారు. కోయ, ఇంగ్లీషు రెండూ తెలిసినవాళ్ళ కోసం ప్రాజెక్టు ఆఫీసరు మా కాలేజీకి వచ్చాడు.

ఆఫీసరు చెడ్డవాడిలా లేడు. అలా ఉంటే నేను పడేదాన్ని కాదు. తిరుమలాయపాలెం వైపు రైతు కుటుంబం. నవ్వుతూ మాట్లాడేవాడు, నన్ను "మన మేడం" అనేవాడు. నేను ఏం పాఠాలు చెబుతానో అడిగి తెలుసుకున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడే నన్ను కొలిచేశాడు.

ఊరికి వెళ్ళే రోజు పొద్దున దమ్మపేటలో టీ తాగడానికి ఆగాం. వచ్చిన పెద్దమనిషి జీపులోనే ఉన్నాడు. ఆఫీసరు నన్ను కొంచెం పక్కకు పిలిచాడు.

"మేడం, మన ఇంటి లొల్లి మన ఇంట్ల తెంపుకుందాం. వాళ్ళ ముందట పెట్టుకునుడెందుకు? రెండొందల ఏండ్లు ఏలిన్రు, సాలదా? ఇగ ఇప్పుడు మన అడివిల మనం ఏం జెయ్యాల్నో గూడ వాళ్ళే జెప్తరా?"

జోగమ్మ చెలక సంగతి నేను ఎత్తాను. మేం పోతున్న ఊళ్ళో నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషి, అందరికన్నా ఎక్కువ నష్టపోయింది ఆమె.

"తప్పయింది. కిందోళ్ళు తొందరపడ్డరు," అన్నాడు. "వీళ్ళను పోనియ్యిన్రి. ఆ కందకం నేను దగ్గరుండి పూడిపిస్త. ఇది నా మాట. మన తప్పు మనమే దిద్దుకుంటే మర్యాద. వాళ్ళు జెప్తే దిద్దుకున్నమంటే ఇజ్జత్ పోతది."

నాకు అది న్యాయంగా వినిపించింది. అంతకన్నా ఎక్కువగా వినిపించింది. నేను పాఠంలో చెప్పేదే ఒక అధికారి నోట బజారులో వినిపించింది. నేల తిరిగొస్తుంది, దేశం పరువూ ఉంటుంది. ఇందులో తప్పేముంది? ఈ ప్రశ్న అప్పుడు వేసుకున్నాను. జవాబు కోసం మాత్రం ఆగలేదు, టీ చల్లారిపోతోందని తాగేశాను.

ఆ వచ్చిన పెద్దమనిషిది ఆఫ్రికాలో ఒక చిన్న దేశం. దేశం పేరు రాస్తే ఆయనెవరో తెలిసిపోతుంది. తల నెరిసింది, మాట మెత్తన. జీపు అడవి దారి పట్టాక నాతో మాట కలిపాడు. తన చిన్నతనంలోనే వాళ్ళకు స్వాతంత్ర్యం వచ్చిందట. జెండా ఎగరేసిన రోజున నాన్న భుజాల మీద కూర్చుని చూశాడట.

"ఇప్పుడు మా సంస్థలో మా దేశానికి విడిగా కుర్చీ లేదు," అన్నాడు. "మాలాంటి దేశాలు చాలా కలిసి ఒక్క కుర్చీలో కూర్చుంటాం. అందులో కూర్చున్నాయన ఏం చెబితే అదే మా అందరి మాట. ఓటు బలం కట్టిన సొమ్మును బట్టి. మా మాట మారిపోయి వినపడటం నేను చాలాసార్లు చూశాను. అందుకే అడుగుతున్నాను. ఈ రోజు వాళ్ళు ఏమన్నారో అదే చెప్పండి. తిట్టినా తిట్టే చెప్పండి."

సరేనన్నాను. వెనక సీట్లో ఆఫీసరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఆ పెద్దాయన మీద గౌరవం కలగలేదు. జాలి కలిగింది. మీది చిన్న దేశం, ఒకే కుర్చీలో సర్దుకుంటారు, మాది అలా కాదు అనుకున్నాను. నా గర్వం ఎంతవరకు పోయిందో చూడండి. తన మాట మారిపోవడం అంటే ఏమిటో తెలిసిన మనిషి, మారనివ్వొద్దని ఎదురుగా కూర్చుని అడిగాడు. ఇంకా ఎవరు చెప్పాలి నాకు?

ఊళ్ళో బడి ముందు తాటాకు పందిరి వేశారు. ఆ ఊరికి ఒక పద్ధతి ఉంది. బయటివాళ్ళతో ఊరి విషయం మాట్లాడాల్సి వచ్చినప్పుడు అందరూ మాట్లాడరు. ముందురోజే కూర్చుని ఇంటింటి మాట వింటారు. ఒక్క ఇల్లు కాదన్నా ఆ సంగతి తేలనట్టే, మళ్ళీ కూర్చోవాలి. తేలాక ఆ మాటను ఒకరికి అప్పగిస్తారు. ఊరి పెద్ద తన భుజం మీది తువ్వాల తీసి ఆ మనిషి భుజం మీద వేస్తాడు. అది మళ్ళీ తీసేదాకా వచ్చినవాళ్ళతో ఆ మనిషే మాట్లాడాలి. తప్పు మాట్లాడినా మధ్యలో ఎవరూ అడ్డురారు. అతిథుల ముందు ఊరికి రెండు నోళ్ళు ఉండకూడదంటారు.

ఆ రోజు పెద్దాయన ముత్తయ్య ఆ తువ్వాల నా భుజం మీద వేశాడు. ఆడపిల్లకు, అందులోనూ ఊరు కానిదానికి, కోయ కానిదానికి అలా వేయడం నేను వినలేదు. "కంపౌండర్ బిడ్డ మన బిడ్డే," అన్నాడు. అందరూ అవ్ అన్నారు. ముతక నూలు తువ్వాల, చెమట వాసన, చుట్ట వాసన. నాకు కళ్ళు చెమర్చాయి. అది కూడా నటన కాదు. ఆ కళ్ళతోనే, ఆ తువ్వాల కిందే నేను ఆ పని చేశాను.

జోగమ్మ లేచి నిలబడింది. నాకు చిన్నప్పుడు ఇప్పపూలు వేయించి పెట్టిన మనిషి. ఆమె పద్ధతి ప్రకారం నాకే చెప్పింది, కానీ చూపు మాత్రం ఆ పెద్దమనిషి ముఖం మీద పెట్టి చెప్పింది. కోయలో చెప్పింది. ఇప్పుడు తెలుగు చేసేది కూడా నేనే. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

"ఆ చెలక మా అత్త కొట్టింది. జొన్నలు, కందులు ఏసుకుని పిల్లలను సాదుకున్న. మిరపకాయలు ఏరను కూలికి పోయిన దినాలు చూసి కందకం తవ్విన్రు. వచ్చేసరికి చెలక లోపట, నేను బయట. నేను ఇయ్యలే. ఎవలూ నన్ను అడగలే. పైసలొద్దు, చెట్లొద్దు. కందకం పూడ్చమను."

అంతే. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, చేతులు జోడించలేదు. చెప్పి కూర్చుంది. ఊరంతా నా వైపు చూసింది. ఆఫీసరు నా వైపు చూడలేదు. పెద్దమనిషి కలం తెరిచి పట్టుకున్నాడు.

అప్పుడు నేనేం అనుకున్నాను? చాలాసార్లు వెనక్కి వెళ్ళి వెతికాను. భయమా? కాదు, నాకు ఎవరూ ఏ భయమూ పెట్టలేదు. ఆశా? ఉద్యోగం ఇస్తామనలేదు, రోజు కూలీకి మించి ఏమీ ఇవ్వలేదు. భయమో ఆశో అయితే ఎంత బాగుండేది. బలహీనురాలిని అని చెప్పుకునేదాన్ని. నాకు ఆ క్షణంలో కనిపించింది ఇదీ: ఒక పరాయి సంస్థ మనిషి, చేతిలో కలం, ఎదురుగా నా దేశపు అధికారి దోషిలా, మధ్యలో నేను సాక్షిలా. నా నోటితో నా దేశం మీద చాడీ చెప్పించుకుంటున్నారు అనిపించింది. జోగమ్మ నాకు కనిపించలేదు. ఆమె నేల ఎలాగూ తిరిగొస్తుంది కదా. ఆఫీసరు మాట ఇచ్చాడు కదా.

ఇంగ్లీషులో నేను చెప్పింది ఇది. "ఈ చెలక మా అత్త కాలం నాటిది. చెట్ల కోసం ఊరితోపాటు నేనూ ఇష్టపడే ఇచ్చాను. తోటలో కూలిపని దొరికితే చాలు."

పెద్దమనిషి కలం ఆపి, ఇది ఆమె ఒక్కదాని మాటా, ఊరందరిదా అని అడిగాడు. ఊరందరిదీ అన్నాను. ఒక ఇల్లు కాదన్నా తేలని ఊరి పేరు పెట్టి అన్నాను. ఆయన ముఖం విప్పారింది. బలవంతంగా లాక్కున్నారేమోనని భయపడుతూ వచ్చాడు పాపం. లేచి, జోగమ్మ దగ్గరికి నడిచి వెళ్ళి, మన పద్ధతిలో రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఇష్టంగా ఇచ్చినందుకు పెట్టాడు. ఆమె ఏమనుకుందో నాకు తెలుసు. పూడుస్తానని మాట ఇస్తున్నాడనుకుంది.

ఊళ్ళో కొద్దో గొప్పో ఇంగ్లీషు తెలిసిన టీచరొకాయన అక్కడే ఉన్నాడు. నా వైపు వింతగా చూశాడు. కానీ తువ్వాల నా భుజం మీద ఉంది. పద్ధతి పద్ధతే. జీపులు కదిలాక కూడా ఆయన నన్నేమీ అడగలేదు. సరిగ్గా అర్థం కాలేదేమోనని తన ఇంగ్లీషునే అనుమానించుకుని ఉంటాడు.

నేను సాయంత్రం బస్సుకు వస్తానని వెనక ఉండిపోయాను. ముత్తయ్య తువ్వాల తీసుకున్నాక జోగమ్మ నా పక్కన కూర్చుంది. కోయలో అనుకున్న ఈ నాలుగు ముక్కలూ ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నేను జెప్పింది జెప్పినవా బిడ్డా?"

"చెప్పిన పెద్దమ్మా."

"ఇయ్యలే అన్న మాట?"

"అది గూడ చెప్పిన."

"మరి ఎందుకు నవ్విండు?"

"మర్యాదకు నవ్విండు."

"దండం బెట్టిండు. పూడిపిస్తడు గదా?"

"పూడిపిస్తరు."

ఆమె నా తల నిమిరి, "నువ్వు జెప్పినవంటే జెప్పినవే," అంది. జీలుగు కల్లు పోసి ఇవ్వబోయి, నేను తాగనని గుర్తొచ్చి నవ్వింది. బస్సెక్కాక నేను మనసులో ఒకటే అనుకున్నాను. అబద్ధం ఆడలేదు, నిజాన్ని కొంచెం ముందే చెప్పాను. కందకం పూడితే ఇదంతా నిజమే అవుతుంది.

కందకం పూడలేదు. వానలు పడ్డాయి. ఇక రేపో మాపో అనుకున్నాను. జోగమ్మ చెలకలో జామాయిల్ మొక్కలు పెట్టారని దవాఖానాకు వచ్చినవాళ్ళు మా నాన్నతో చెప్పారు. నాన్న నాతో చెప్పాడు. నేను ఆఫీసరుకు ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నాడనేవారు. ఊరికి పోవడం మానేశాను. కాలేజీలో పని ఎక్కువైందని ఇంట్లో చెప్పాను.

కొన్నాళ్ళకు ఖమ్మంలో ప్రాజెక్టు సమీక్ష జరిగింది. మహిళా సంఘాల వాళ్ళ మాటలు ఇంగ్లీషు చేయడానికి నన్ను మళ్ళీ పిలిచారు. ఆఫీసరును ఎదురుగా పట్టుకోవచ్చని వెళ్ళాను. ఈసారి సంస్థ నుంచి వచ్చింది వేరే మనిషి. నా స్టూడెంట్లకంటే నాలుగేళ్ళు పెద్దవాడు ఉంటాడేమో. కుర్చీలో వెనక్కి వాలి, అటవీ సరుకు కొనుగోలు ప్రైవేటు వ్యాపారులకు వదలాలి, కింది ఉద్యోగాలు తగ్గించాలి, చట్టంలో ఫలానా మార్పు చేస్తామని ముందే ఒప్పుకున్నారు కదా, ఇంకా ఎందుకు చేయలేదు అని అడుగుతున్నాడు. మన చట్టం గురించి! నేను ఆఫీసరు వైపు చూశాను. ఇప్పుడు అంటాడు, దమ్మపేటలో అన్న మాట ఇప్పుడు అంటాడు అని నిజంగా ఎదురుచూశాను. ఆయన చేతిలో కాగితాలు సర్దుకుంటూ, "యస్ సర్, ఆల్రెడీ అగ్రీడ్ సర్," అన్నాడు. ఆయనే కాదు, ఆయనకు పైన హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు కూడా ఒక్కరూ కాదనలేదు. టీ వచ్చింది, అందరూ తాగారు.

అప్పుడు అర్థమైంది. సార్వభౌమత్వం అనే మాటను ఆ ఒక్క రోజు ఆ ఒక్క ఊరి మీద వాడటానికే బయటికి తీశారు. పని అయిపోయింది, లోపల పెట్టేశారు. పైవాళ్ళ ముందు అది ఎప్పుడూ లేదు. కింద ఉన్న జోగమ్మ ముందే ఉంది. దాన్ని ఆమె మీద వాడిన నోరు నాది.

వరండాలో ఆఫీసరును ఆపాను.

"సార్, జోగమ్మ కందకం సంగతి?"

"ఏ జోగమ్మ మేడం?"

గుర్తు చేశాను. ఆయనకు గుర్తొచ్చింది. నవ్వాడు, అదే మంచి నవ్వు.

"మీరే జెప్పిన్రు గదా మేడం, ఇష్టపడి ఇచ్చిందని. సంస్థ రికార్డుల ఎక్కింది. ఇప్పుడు నేను పూడిపిస్త అంటే మిమ్మల్నే అబద్దాల మనిషి అన్నట్టయితది."

మోసపోయాను అని అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాను. చాలా రోజులు ఆ కోపమే నన్ను నిలబెట్టింది. ఆయన మోసం చేశాడు, ప్రభుత్వం మోసం చేసింది, ఆ సంస్థ మోసం చేసింది, నేను ప్రాణంగా చెప్పుకున్న పాఠం మోసం చేసింది. నిజమే, చేశారు. కానీ ఒక్కోసారి తెల్లారుజామున మెలకువ వచ్చినప్పుడు ఒక సంగతి తెలిసేది. నన్ను మోసం చేసినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి నాకు నోరుంది, నేను ఏడవడానికి ఖమ్మంలో ఒక వరండా ఉంది. జోగమ్మను మోసం చేసిందెవరో జోగమ్మకే తెలియదు. తిట్టుకోవాలన్నా తప్పు చేయని మనిషిని తిట్టుకుంటోంది.

అవును, తిట్టుకుంది. ఊరంతా తిట్టుకుంది. వాళ్ళ లెక్కలో ఊరు మాట చెప్పింది, మాట చేరింది, ఆయన విని దండం పెట్టి పోయి మోసం చేశాడు. "మనలెక్కనే ఉన్నడు, మనోడే అనుకున్నం, నల్లదొర," అనుకునేవారట. తరవాత తరవాత ఆ పేరు ఊళ్ళో తిట్టయిపోయింది. తూకంలో కొట్టేసే ఇప్పపూల బేరగాడిని నల్లదొర అంటారు. పెళ్ళికి ఒప్పుకుని తప్పుకున్నవాణ్ణి నల్లదొర అంటారు. మా నాన్న ఇది నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. ఎక్కడో తన దేశంలో మనవళ్ళతో కూర్చుని ఉండే ఒక మంచి మనిషి, నిజం చెప్పమని నన్ను బతిమాలుకున్న ఒకే ఒక మనిషి, మా అడవిలో మోసానికి మారుపేరయ్యాడు. ఆ మాట విన్నప్పుడల్లా సరిదిద్దవచ్చు. ఒక్కసారీ దిద్దలేదు. ఎందుకు? ఆయన్ని తిట్టినంతకాలం నన్ను బిడ్డా అంటారు. అంతే. ఇంతకన్నా గొప్ప కారణం ఏదీ లేదు.

తరవాత అడవి హక్కుల చట్టం వచ్చింది. పోడు చేసుకుంటున్నవాళ్ళకు పట్టాలిస్తామని ఊళ్ళలో సర్వే మొదలైంది. జోగమ్మ వేసంగి మొదట్లో, మిరపకాయలు ఏరడానికి ఇటువైపు వచ్చి, కల్లూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. బాగా చిక్కిపోయింది. వేళ్ళు మిరప మంటకు ఎర్రగా ఉన్నాయి. కుర్చీ వేస్తే కూర్చోకుండా వసారాలో నేల మీద కూర్చుని, చల్లటి నీళ్ళు అడిగి ఆ గిన్నెలో చేతులు పెట్టుకుంది. ఎప్పటిలాగే నాతో కోయలో మాట్లాడింది.

"సర్వేవోళ్ళు నా చెలక కొలువం అంటున్నరు బిడ్డా. ఎప్పుడో ఇచ్చేసినవు గదా అంటున్నరు. నేను ఇయ్యలేదని నీకు ఎరుక. సభ పెడుతున్నరు. నువ్వు రావాలె. కొత్తగ ఏం జెప్పొద్దు. ఆ దినం నల్లదొరకు ఏం జెప్పినవో గదే మాట వీళ్ళకు జెప్పు, సాలు."

గదే మాట చెప్పు, సాలు. ఆ ఒక్క కోరిక కోరింది.

చెప్పేశాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. పెద్దమ్మా, నేను ఆ దినం అట్ల చెప్పలేదు అన్నాను. ఏం చెప్పానో చెప్పాను. టీ దగ్గర ఆఫీసరు అన్నది, నేను నమ్మింది, ఆయన ఎందుకు దండం పెట్టాడో, అన్నీ చెప్పాను. దేశం అని ఏదో అన్నాను, కోయలో ఆ మాటకు నాకు సరైన మాట దొరక్క ఆగిపోయాను. ఆమె చేతులు నీళ్ళలోంచి తీయలేదు. నేను ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. కాళ్ళు వెనక్కి తీసుకుంది, కోపంగా కాదు, ఎవరో తెలియని మనిషి ముట్టబోతే తీసుకున్నట్టు.

సభకు వస్తాను, అందరి ముందు నిజం చెబుతాను అన్నాను.

అప్పుడు మాట్లాడింది. తెలుగులో మాట్లాడింది. బజారులో, బస్సులో, ఆఫీసుల్లో పరాయివాళ్ళతో మాట్లాడే తెలుగు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆమె నాతో తెలుగు మాట్లాడటం అదే మొదటిసారి.

"వద్దు మేడం. ఇగ మా మాట మేమే జెప్పుకుంటం. వాళ్ళకు అర్థమైతే అయితది, లేకుంటే లేదు."

చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. గేటు దాకా పోయి ఆగింది.

"గా సారును ఇన్నేండ్లు తిట్టిన. పొద్దుగాల లేస్తే తిట్టిన, మన్నుబోసిన. ఆయన ఏం జెయ్యలే గదా. గా సారుకు మాత్రం నువ్వే జెప్పాలె. మా తాన భాష లేదు."

ఆమె వెళ్ళిపోయింది. వద్దన్నా నేను సర్వే ఆఫీసుకు పోయి జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. అప్పుడే ఎందుకు చెప్పలేదని అక్కడి గుమాస్తా అడిగాడు. ఆ కాగితం ఏమవుతుందో తెలియదు. జోగమ్మ చెలకలో జామాయిల్ ఒకసారి కొట్టారు, మోళ్ళు మళ్ళీ చిగురిస్తున్నాయట. ఊరికి పోలేదు. పోతే నన్ను మేడం అంటారు.

ఆ పెద్దమనిషి కోసం సంస్థకు ఇంగ్లీషులో రాశాను. ఆయన ఎప్పుడో పదవీ విరమణ చేశారని, చిరునామా ఇవ్వడం తమ నియమాలకు విరుద్ధమని మర్యాదగా జవాబు వచ్చింది. బతికి ఉన్నాడో లేదో. ఆయనకు తెలుగు రాదు, ఇది ఆయన చదవడు. అయినా ఎవరో ఒకరి ముందు, ఒక్కసారైనా, ఆయనకు చెప్పాల్సింది చెప్పాలి. మీరు వినండి.

అయ్యా, ఆ రోజు మీరు దండం పెట్టిన ఆమె పేరు జోగమ్మ. ఆమె తన నేలను ఇవ్వలేదు. ఇవ్వలేదని మీ ముఖం చూస్తూ చెప్పింది. కందకం పూడ్చమంది. మీరు సరిగ్గానే రాసుకున్నారు. తప్పు చెప్పింది నేను.